కాఫీ పొడిలో జాతి భేదము

అరకు లోయ, పాడేరు, చింతపల్లి ప్రాంతముల కొండవాలులమీద సిల్వర్ ఓక్ చెట్ల నీడను గిరిజన రైతులు పెంచు కాఫీ దాదాపు అంతయు అరబికా జాతిది. "అరకు వ్యాలీ అరబికా" అను పేరునకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే పొట్లముమీది పేరు ఒకటి, లోపలి పొడి మరియొకటి కావచ్చును. రోబస్టా జాతి కాఫీ సాధారణముగ చౌక. దానిని కలిపి అచ్చమైన అరబికా యని అమ్మినచో నష్టపోవువారు కొనువారు మాత్రమే కాదు, కొండమీది రైతులును.

పచ్చి గింజను చూచి జాతి చెప్పుట కష్టము కాదు. అరబికా గింజ కోలగ నుండి, నడిమి చీలిక వంకరగ నుండును; రోబస్టా గింజ గుండ్రన, చీలిక తిన్నన. వేయించి పొడి చేసిన పిదప ఈ గుర్తులన్నియు మాయమగును. పాఠశాలలో చేయదగిన పరీక్ష యొకటి కలదు. గ్లాసెడు చల్లని నీటిపై పొడి చల్లినచో కాఫీ కొంతసేపు తేలును. చికోరీ త్వరగా మునిగి నీటికి రంగు దింపును. కాని రెండు కాఫీలును తేలును గదా! ఈ పరీక్షకు చికోరీ దొరకునే గాని రోబస్టా దొరకదు.

మరి కెఫీన్‌ను కొలువరాదా? అరబికాలో అది నూటికి సుమారు 1.2 పాళ్లు, రోబస్టాలో సుమారు 2.2 పాళ్లు. భేదము పెద్దదే. అయినను ఒకే జాతిలో రకమును బట్టి కెఫీన్ మారుచుండుటచే, కొద్దిపాటి కల్తీ ఆ హెచ్చుతగ్గులలో దాగిపోవును. కావలసినది ఒక జాతిలో మెండుగ నుండి, రెండవదానిలో ఇంచుమించు లేనట్టి పదార్థము.

అట్టిదానిని 1989లో జర్మన్ రసాయనజ్ఞులు కాఫీ తైలములో కనుగొనిరి. దాని పేరు 16-ఓ-మిథైల్ కెఫెస్టాల్. కెఫెస్టాల్ రెండు జాతులలోను కలదు. దాని అణువులో 16వ కర్బనమునంటియున్న హైడ్రాక్సిల్‌కు మిథైల్ సమూహము చేరినచో ఈ పదార్థమగును. ఆ చేర్పు రోబస్టా చేయగలదు, అరబికా దాదాపు చేయదు. వేయించు వేడికి ఇది అంతగ చెడకపోవుటయే దీని గొప్ప. పొడిని క్షారముతో మరిగించి, ఈ పదార్థమును విడదీసి, క్రోమటోగ్రఫీచే కొలుతురు.

ఇచ్చట ఒక వింత కలదు. అరబికాకు జన్మనిచ్చిన రెండు జాతులలో రోబస్టా ఒకటి! అందుచేతనే రోబస్టాకు 22 క్రోమోసోములుండగా అరబికాకు 44 గలవు. అయినను ఈ విద్య బిడ్డకు సరిగ అబ్బలేదు. బొత్తిగ అబ్బలేదనుటకును వీలులేదు. నేటి సున్నితమైన యంత్రములు అరబికాలో సైతము దీనిని లేశమాత్రముగ చూపుచున్నవి. కనుక "ఉన్నదా?" యని గాక "ఎంత యున్నది?" అని అడుగవలెను.

ఈ గుర్తు జాతిని చెప్పును గాని ఊరిని చెప్పదు. అరకు అరబికాకును చిక్కమగళూరు అరబికాకును దీనియందు భేదము కానరాదు. అందులకు మట్టినుండి గింజలోనికి చేరిన లేశ మూలకములను పరిశీలింపవలసియుండును.