గుర్తుమాట తరువాతి మాట

నంద్యాల, ఆళ్లగడ్డ విద్యార్థుల ఉపకారవేతనముల పట్టిక యొకటి కంప్యూటరులో నున్నదనుకొందము. 'పేరు:', 'తండ్రి పేరు:', 'ఊరు:' అను గుర్తుమాటలతో ఒక్కొక్క పంక్తి ఆరంభమగును. మనకు విద్యార్థుల పేర్లు మాత్రమే కావలెను.

గుర్తుమాట గల పంక్తులను ఏరి యిచ్చు ఆజ్ఞ గ్రెప్. దీనిని 1973లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ యూనిక్సు కొరకు రచించెను. అయితే 'పేరు:' అని అడిగినచో అది 'తండ్రి పేరు:' పంక్తులను గూడ తెచ్చి పెట్టును. యంత్రమునకు బంధుత్వము తెలియదు గదా! తండ్రి పేరు విద్యార్థి స్థానమున చేరినచో ఆ బిడ్డ ఉపకారవేతనమే నిలిచిపోవచ్చును. కావున గుర్తుమాటకు ముందు ^ చిహ్నము నుంచవలెను. మాట పంక్తి మొదటనే యుండవలెనని దాని యర్థము. సెడ్ అను ఆజ్ఞతో ఏరుటయు, తుడుచుటయు ఒకేసారి జరుగును:

సెడ్ -ఎన్ 'ఎస్/^పేరు: *//పీ' పట్టిక

ఆజ్ఞ పేరును, ఎన్, ఎస్, పీ లను ఆంగ్లమున చిన్న యక్షరములతో కొట్టవలెను. 'పట్టిక' యనునది ఫైలు పేరు. గుర్తుమాటయు దాని వెనుకటి ఖాళీలును తొలగి, పేరు మాత్రమే వెలువడును.

ఉర్దూ పట్టికలోను 'నామ్', 'వాలిద్ కా నామ్' అని ఇదే చిక్కు కలదు. ఉర్దూ పంక్తి తెరపై కుడినుండి మొదలైనను ఫైలులో చదువు క్రమముననే నిలువయుండును. కావున ^ చిహ్నమే అక్కడను చాలును.

కొందరు కట్ అను ఆజ్ఞతో స్థానములు లెక్కించి కోయుదురు. థాంప్సనే రాబ్ పైక్‌తో కలిసి 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో, కంటికి రెండక్షరములైన 'పేరు' 12 బైట్లు. ఉర్దూ 'నామ్' 6 బైట్లు. లెక్క తప్పినచో అక్షరము నడుమ కత్తి పడును.