నిదానమే ప్రధానం

బరువు తగ్గాలన్న సంకల్పంతో స్థూలకాయుడైన ఒక యువకుడు తొలిరోజే మైదానంలో పరుగుకు పూనుకుంటాడు. నాలుగు నిమిషాలకే ఆయాసంతో కూలబడతాడు. చూసినవారు నవ్వుతారు. మరునాడు అతడు మైదానానికి రాడు. ఇందుకు కారణం సోమరితనం కాదు, శరీరధర్మం తెలియకపోవడమే.

కండరాలకు ప్రధాన ఇంధనాలు రెండు: పిండిపదార్థాలు, కొవ్వు. గ్రాము పిండిపదార్థం సుమారు 4 కిలోకేలరీల శక్తినిస్తే, గ్రాము కొవ్వు 9 కిలోకేలరీలనిస్తుంది. పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోనూ కండరాలలోనూ కొద్దిగానే నిల్వ ఉంటుంది. కొవ్వు నిల్వలు అపారమైనా వాటి దహనం నిదానంగా సాగుతుంది. దానికి ఆక్సిజన్ సమృద్ధిగా అందాలి.

అందువల్ల మెల్లగా నడిచేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో కొవ్వు వాటా ఎక్కువ. వేగం పెరిగేకొద్దీ కండరాలు సత్వరం శక్తినిచ్చే గ్లైకోజెన్ వైపు మొగ్గుతాయి. ఈ మార్పును మన ఊపిరే తెలుపుతుంది. విడిచే కార్బన్ డయాక్సైడ్‌కు, గ్రహించే ఆక్సిజన్‌కు గల నిష్పత్తి కేవలం కొవ్వు దహనమైతే 0.7, కేవలం పిండిపదార్థమైతే 1.0 ఉంటుంది.

కొవ్వు గరిష్ఠంగా కరిగే వేగం అందరికీ ఒకటి కాదు. అలవాటుపడిన క్రీడాకారునిలో కంటే వ్యాయామమెరుగని స్థూలకాయునిలో అది సాధారణంగా తక్కువ. పైగా అతడు తన దేహభారాన్ని మోస్తూ నడవాలి. ఇతరులకు విహారమైన నడక అతనికి నిజమైన వ్యాయామమే.

అయితే వాటా వేరు, మొత్తం వేరు. అరగంట మెల్లని నడకకు 120 కిలోకేలరీలు ఖర్చై, అందులో 60 శాతం కొవ్వు నుండి వచ్చిందనుకుందాం, అది 72. వడిగా నడిచినప్పుడు 200 ఖర్చై, 45 శాతమే కొవ్వు నుండి వచ్చినా అది 90. కనుక శక్తి చేకూరేకొద్దీ వేగం పెంచాలి. అన్నిటికీ మించి, బరువును నిర్ణయించేది దినదినం తిన్నదానికీ ఖర్చుచేసినదానికీ గల తేడాయే.

పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాలు మధ్యస్థ వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మాట్లాడగలిగి, పాట పాడలేని వేగమే మధ్యస్థం. గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. క్రమం తప్పని సాధనతో కండరాలకు కొవ్వును వినియోగించుకొనే సామర్థ్యమూ పెరుగుతుంది.

మైదానంలో మెల్లగా నడిచే స్థూలకాయుని చూసి నవ్వడం అవివేకం. అతనికి కావలసింది మరునాడు కూడా వచ్చే ధైర్యం. దానిని హరించే హక్కు ఎవరికీ లేదు.