పసివాడి నొప్పికి కొలత ఏది?

రుద్రంగి : సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన బట్టను మీటర్లతో కొలుస్తారు. చేలో పండిన వడ్లను క్వింటాళ్లలో తూస్తారు. మరి ఆపరేషన్ అయిన మూడేళ్ల పసివాడి నొప్పిని దేనితో కొలవాలి? ఏడుపునే కొలతగా తీసుకుంటే ఆకలితో ఏడ్చే పిల్లవానికి నొప్పి ఉన్నట్లు, సూది భయంతో నోరు మెదపని పిల్లవానికి నొప్పి లేనట్లు అవుతుంది.

ఈ సంగతి ఇప్పుడు ఇక్కడివారికీ అవసరమే. 2016లో మండల కేంద్రమైన రుద్రంగికి అటు జగిత్యాలలో 2022లో, ఇటు సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వైద్య కళాశాల ఉన్నచోట చికిత్సతోపాటు పరిశోధన కూడా ఉంటుంది. "మీ పిల్లవాణ్ని మా అధ్యయనంలో చేర్చుకోవచ్చా?" అని డాక్టరు అడిగే రోజు ఏ ఇంటికైనా రావచ్చు.

ఏ మందు మేలు?

రెండు మందుల్లో ఏది పిల్లల నొప్పిని బాగా తగ్గిస్తుందో తేల్చడానికి చీటీలు తీసినట్లు కొందరికి ఒకటి, మిగిలినవారికి రెండోది ఇస్తారు. ఎవరికి ఏది పడిందో నొప్పిని లెక్కగట్టే నర్సుకు సాధ్యమైనంతవరకు తెలియనివ్వరు. తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుంది. కొలత తప్పితే ఫలితం తప్పుతుంది. ఆ తప్పు రేపు వేలాది పిల్లల మంచాల దాకా వెళుతుంది.

బొమ్మల ముఖాలు

నోరున్న పిల్లవాణ్ని అడగడమే మొదటి పద్ధతి. ఐదారేళ్లు దాటినవారికి వరుసగా గీసిన 6 ముఖాలు చూపుతారు. వేలు పెట్టిన ముఖాన్ని బట్టి 0 నుంచి 10 వరకు లెక్క వేస్తారు. 1983లో అమెరికాలో డోనా వాంగ్, కోనీ బేకర్ తయారుచేసిన బొమ్మల్లో మొదటి ముఖం నవ్వుతుంది, చివరి ముఖం కన్నీరు కారుస్తుంది. అయితే తల్లి కనబడక దిగులుపడే పిల్లవాడు నొప్పి లేకున్నా ఏడుపు ముఖాన్నే చూపవచ్చు. 2001లో సవరించి వెలువరించిన మరో వరుసలో నవ్వూ లేదు, కన్నీళ్లూ లేవు.

మాటలు రాని పిల్లలకు 1997లో మిషిగన్ విశ్వవిద్యాలయం వారు ఒక పట్టిక ప్రకటించారు. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకునే తీరు - ఈ అయిదింటికి ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 10.

ఇంటికి వచ్చాక కొలిచేది తల్లే. అందుకని 1996లో కెనడాలో తల్లిదండ్రుల కోసమే 15 ప్రశ్నల పట్టిక తయారైంది. ఆట తగ్గిందా? తిండి తగ్గిందా? కోసిన చోటును పట్టుకుంటున్నాడా? మందంటే పారిపోయేవాడు ఇప్పుడు అడ్డుచెప్పకుండా మింగుతున్నాడా? తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లలో అమ్మగానీ, అమ్మమ్మగానీ చూసి చెప్పగల విషయాలే ఇవన్నీ.

రక్తం చెప్పిన సాక్ష్యం

అప్పుడే పుట్టిన శిశువులకు నొప్పి తెలియదని ఒకప్పుడు పెద్ద దేశాల డాక్టర్లే చాలామంది నమ్మేవారు. ఇండోర్‌లో వైద్యం చదివిన కె.జె.ఎస్. ఆనంద్ ఇంగ్లండులో తోటి వైద్యులతో కలిసి జరిపిన పరీక్ష 1987లో వెలువడింది. గుండె దగ్గరి రక్తనాళానికి ఆపరేషన్ జరిగిన 16 మంది నెలలు నిండని శిశువుల్లో 8 మందికి మామూలు మత్తుతోపాటు బలమైన నొప్పిమందు కూడా ఇచ్చారు. అది అందని శిశువుల రక్తంలో ఒత్తిడి హార్మోన్లు బాగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాత చిక్కులూ ఎక్కువయ్యాయి. నోరులేని శిశువు తరఫున రక్తమే సాక్ష్యం చెప్పింది.

నొప్పి అంకె ఒక్కటే చాలదని 2008లో పలు దేశాల నిపుణులు తేల్చారు. మందు వల్ల వాంతుల వంటి ఇబ్బందులు, తిరిగి లేచి తిరగడం, మనసు తీరు, చికిత్సపై సంతృప్తి, ఖర్చు కూడా చూడాలన్నారు. నొప్పి తగ్గినా రాత్రంతా వాంతులైతే అది మంచి మందని తల్లి ఒప్పుకుంటుందా?

సంతకానికి ముందు

2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు టీకాలు వేసిన అధ్యయనంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాలపై సంతకాలు పెట్టిన సంగతి తర్వాత విచారణలో బయటపడింది. అది నొప్పి పరిశోధన కాదు. అయినా పాఠం ఒకటే.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అంగీకారంతోపాటు 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నోటిమాట, అంతకు పైబడి 18 ఏళ్లలోపు వారి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. చేరడం, చేరకపోవడం మన ఇష్టం. మధ్యలో మానుకున్నా మామూలు వైద్యం ఆపరాదు. నొప్పి ఎక్కువైతే వెంటనే ఇచ్చే అదనపు మందు ఏమిటో, నొప్పిని ఎవరు, ఎన్ని గంటలకొకసారి చూస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక పిల్లవాడు బొమ్మ మీద వేలు పెట్టినప్పుడు పక్కనున్న పెద్దలు "అంత లేదులే" అని చెయ్యి పక్కకు జరపకూడదు. నొప్పి వాడిది. కొలతా వాడిదే.