వేడిని ఆపే గోడ

పటాన్‌చెరు దగ్గర భానూర్ ఉంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు. రాత్రి డ్యూటీ చేసినవారు పగలు పడుకోవాలి. ఎండాకాలం సన్నగోడల గదిలో నిద్ర పడుతుందా? ఫంకా వేసినా వేడిగాలే. కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది.

పాత మట్టిగోడలు మందంగా ఉండేవి. మధ్యాహ్నం ఎండ లోపలికి చేరేసరికి పొద్దు గూకేది. నాలుగంగుళాల ఇటుకగోడ తొందరగా కాగుతుంది.

బొంతలో గాలి చిక్కుకొని ఉంటుంది. అందుకే చలికాలం ఒంటి వేడి బయటికి పోదు. గోడలో గాలి ఉంటే బయటి వేడి తొందరగా లోపలికి రాదు. కొత్తగా కట్టేవారు లోపల బోలుగా ఉండే సిమెంటు ఇటుకలు వాడాలి.

పాత గోడకు బయట తెల్లసున్నం వేయాలి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. పడమటి గోడకు తడక కట్టి తీగ పాకించాలి. పైకప్పు సంగతీ మరవద్దు. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చింది.

గోడ చల్లగుంటే నిద్ర దక్కుతుంది. పైసలూ మిగులుతాయి.