సర్వర్ మారినప్పుడు చిరునామా చిక్కులు

కోచింగ్ సెంటర్లకును, విద్యార్థుల హాస్టళ్లకును దిల్‌సుఖ్‌నగర్ పేరుపొందినది. అచ్చటి సెంటరొకటి ఎల్.బి. నగర్‌కు మారినదనుకొందము. బోర్డు మీది పేరు అదియే. ఇంటి నంబరు మాత్రము వేరు. పాత నంబరు వ్రాసికొన్నవాడు పాత గుమ్మమునకే పోవును. వెబ్‌సైటు ఒక సర్వర్ నుండి మరియొక సర్వర్‌కు మారినప్పుడును ఇట్లే జరుగును. దాని కారణమును, నివారణమును మేమిచ్చట వివరింతుము.

ఇంటర్‌నెట్‌లో యంత్రములు ఒకదానినొకటి నంబరుతో గుర్తించును. 0 మొదలు 255 లోపు సంఖ్యలు నాలుగు చేరి ఐ.పి. అడ్రసు అగుట బహుళ ప్రచారములోనున్న పద్ధతి. పేరు చెప్పినచో నంబరు తెలుపు ఏర్పాటునకు డి.ఎన్.ఎస్. అని పేరు. తొలుత పేర్లన్నియు ఒకే పట్టికలో నుండెడివి. యంత్రములు పెరుగగా 1983లో పాల్ మాకపెట్రిస్ ఈ ఏర్పాటును రూపొందించెను.

ప్రతిసారియు మూలపట్టికను అడుగుట ఆలస్యము. కావున ఇంటర్‌నెట్ కంపెనీల సర్వర్లును, మన కంప్యూటర్లును తెలిసిన నంబరును కొంతకాలము దాచుకొనును. ఆ గడువే టి.టి.ఎల్. దానిని సెకన్లలో వ్రాయుదురు. 86400 అనగా ఒక దినము. అందుచే ఒకే గదిలో వైఫై వాడు విద్యార్థికి కొత్త సైటును, ఫోన్ డేటా వాడు విద్యార్థికి పాత సైటును కనబడవచ్చును. పాత సైటులో నింపిన దరఖాస్తు పాత సర్వర్‌లోనే నిలిచిపోవును. కొత్త జాబితాలో ఆ విద్యార్థి పేరుండదు. అసలు నష్టమిదియే.

మార్పునకు రెండు దినములు ముందే ఒక దినపు గడువును 300 సెకన్లకు, అనగా 5 నిమిషములకు, తగ్గింపవలెను. పాత సైటులో దరఖాస్తులు నిలిపిన పిమ్మటనే వివరములకు నకలు తీయవలెను. పాత సర్వర్‌ను వెంటనే మూసివేయక, సైటు మారుచున్నదను ప్రకటనతో కొన్ని దినములు నడుపవలెను.

అప్పటికిని చిక్కు తీరనిచో, రెండు వేర్వేరు కనెక్షన్ల నుండి ఎన్.ఎస్.లుకప్ అను ఆజ్ఞతో నంబరును అడిగి చూడుడు. ఒకచోట పాతది, ఒకచోట కొత్తది వచ్చినచో గడువు తీరువరకు ఓపిక పట్టవలెను. గడువు తీరినను అంతటను పాతదే వచ్చినచో మూలపట్టికను సరిచూడవలెను. అంతటను కొత్తదే వచ్చియు పాత పుట కనబడినచో, బ్రౌజరు దాచుకొన్న పుటలను తొలగించి, కంప్యూటరులోని హోస్ట్స్ ఫైలును పరీక్షింపవలెను. ఈమెయిలునకు పట్టికలో వేరు పద్దు కలదు, దానిని మరువరాదు.

ఇన్ని చేసినను, పాత సర్వర్‌కు చేరిన దరఖాస్తులను కొత్త జాబితాతో ఒక్కసారి సరిచూచిన పిదపనే దానిని మూయుట క్షేమము.