చైనా వంపుకత్తి : కొనేముందు చూడవలసినవి

పోయిన ఏడు సంక్రాంతి సెలవులకు ముందు ఒక సాయంత్రం మన కాలేజీ మైదానంలో ఏడెనిమిదిమందిమి కుంగ్‌ఫూ సాధన చేస్తున్నాం. నా చేతిలో కొత్త కత్తి. అద్దంలా మెరుస్తోంది. పిడికి ఎర్రగుడ్డ కూడా ఉంది. తలచుట్టూ తిప్పి కిందికి నరకబోయేసరికి చేతిలో పిడి మాత్రమే మిగిలింది. అలుగు ఎగిరిపోయి, దూరంగా కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్న ఒక జూనియర్ పక్కన నేలలో దిగబడింది. మధ్య దూరం చెయ్యెడు. అంతే! ఆ కుర్రవాడు నవ్వేశాడు గాని, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సెలవులకు ఆ ముక్కలు ఇంటికి పట్టుకెళ్ళాను. మాది వ్యవసాయ కుటుంబం. మిరపకాయలు అమ్మిన డబ్బులోంచి అడిగి తీసుకుని కొన్న కత్తి అది. నాన్న పిడిలోకి ఒకసారి తొంగిచూసి, "ఒరేయ్, తోక చూడకుండా కొడవలి ఎవడైనా కొంటాడట్రా?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు సగం పాఠం అర్థమయింది. మిగతా సగం చదివి, అడిగి తెలుసుకున్నాను. కొనబోయే మిత్రులకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా, ఈ కత్తి ఏమిటి? చైనావారి కత్తుల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. నిటారుగా ఉండి రెండు అంచులకూ పదునుండేది 'జియెన్'. ఒకే అంచుకు పదునుండి, సాధారణంగా వంపు తిరిగి ఉండేది 'దావ్'. ఈ రెండోదాన్నే ఇంగ్లీషులో బ్రాడ్‌స్వోర్డ్ అంటున్నారు. నిజానికి ఐరోపాలో ఆ పేరుతో పిలిచే కత్తి వేరు. పేరు విని అలుగు ఎంత వెడల్పుంటే అంత గొప్పదనుకోవడం పొరపాటు.

దావ్‌లోనూ తేడాలున్నాయి. విల్లో చెట్టు ఆకులా సన్నగా, నెమ్మదిగా వంగేది 'ల్యూ-యె-దావ్'. మొన వైపు వెడల్పయి ఎద్దుతోకలా కనిపించేది 'న్యూ-వెయ్-దావ్'. సినిమాల్లోనూ శిక్షణశాలల్లోనూ మనం ఎక్కువగా చూసేది ఈ ఎద్దుతోకనే. ఇది ప్రాచీనమని చాలామంది అనుకుంటారు. కాని ఇది 19వ శతాబ్దంలో జనంలో వాడుకకొచ్చింది, చింగ్ రాజుల సైన్యం ప్రామాణిక ఆయుధం కాదు. రెండు చేతులతో పట్టే పెద్దకత్తి 'దా-దావ్' మరొకటి. 1933లో చైనా గోడ దగ్గర షీఫెంగ్‌కౌ కనుమలో 29వ సైన్యం జపానువారిమీద దాన్ని ప్రయోగించి పేరు తెచ్చుకుంది.

ఇక కొనేటప్పుడు చూడవలసినవి నాలుగు.

మొదటిది తోక. అలుగు వెనుకభాగం సన్నబడి పిడిలోకి పోతుంది కదా, అది పిడి చివరిదాకా పోవాలి. అలుగూ తోకా ఒకే ఉక్కుముక్క కావాలి. నా కత్తిలో ఉన్నది పెన్సిలంత కమ్మీ, అదీ వెల్డింగుతో అతికించినది. అది ఎందుకు విరిగిందో మనం చదివిన భౌతికశాస్త్రమే చెబుతుంది. అలుగు బరువు 600 గ్రాములు, దాని గరిమనాభి భుజంనుంచి 80 సెంటీమీటర్ల దూరంలో సెకనుకు 8 మీటర్ల వేగంతో తిరుగుతోంది అనుకుందాం. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి వ్యాసార్థంతో భాగిస్తే 48 న్యూటన్లు వస్తుంది. అంటే దాదాపు 5 కిలోల బరువు ఆ అతుకును పట్టి లాగుతున్నట్టే. పైగా ప్రతి విసురులోనూ అతుకు అటూ ఇటూ వంగుతుంది. వంద విసురులు ఓర్చుకున్నది నూటొకటోదానికి ఓర్చుకోకపోవచ్చు.

రెండోది ఉక్కు. గోడకు తగిలించే కత్తులు చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీలు. వంటింటి చాకుకు అది మంచిదే, తుప్పు పట్టదు. పొడవాటి అలుగయితే దెబ్బకు వంగి లేవడానికి బదులు విరిగే ప్రమాదముంది. దెబ్బలు తగిలే సాధనకు స్ప్రింగు స్టీలు కావాలి. అందులో కార్బన్ సుమారు 0.6 శాతం ఉంటుంది. కాల్చి చల్లార్చడంతో సరిపోదు, మళ్ళీ తగుమాత్రం వేడిచేసి పెళుసుదనం తీయాలి. మన ఊళ్ళలో కమ్మరులు లారీ కమాన్‌కట్టలతో కత్తులు చేసేది ఈ గుణం తెలిసే. పోటీల్లో రెపరెపలాడే పల్చని రేకు కత్తులు వేరు. వుషూ 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో ప్రవేశించింది. అక్కడ ఒంటరిగా చేసే విన్యాసానికి ఆ రేకు సరిపోతుంది గాని, కత్తికి కత్తి తగిలించడానికి పనికిరాదు.

మూడోది తూకం. ఒంటిచేతి కత్తి ఒక కిలోకు లోపు ఉంటే చాలు. బరువుకన్నా ముఖ్యం ఆ బరువు ఎక్కడుందన్నది. అలుగును వేలిమీద అడ్డంగా నిలబెట్టి, ఎక్కడ నిలుస్తుందో చూడండి. 800 గ్రాముల కత్తి చేతినుంచి 15 సెంటీమీటర్ల దగ్గర నిలిస్తే, దాన్ని అడ్డంగా పట్టుకున్నప్పుడు మణికట్టుమీద పడే టార్కు సుమారు 1.2 న్యూటన్ మీటర్లు. అదే బరువు 25 సెంటీమీటర్ల దగ్గరుంటే దాదాపు 2. తిప్పేటప్పుడు తేడా ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ దూరం వర్గమవుతుంది. అందుకే మంచి అలుగు పిడి దగ్గర మందంగా మొదలై మొనకు పోయేకొద్దీ పల్చబడుతుంది. మొదలూ చివరా ఒకే మందమయితే అది రేకు కోసి చేసినదని గ్రహించండి.

నాలుగోది పొడవు. ఎడమచేతిని కిందికి వదిలి, మొన పైకి వచ్చేలా, మొద్దువైపు మోచేతికి ఆనించి పట్టుకోండి. మొన చెవి పై అంచుకు తగ్గకూడదని పోటీల నియమం. ఇది ఒంటికి తగ్గ కొలత కనుక స్నేహితుడి కత్తి మనకు సరిపోవాలని లేదు.

ఇక పదును సంగతి. సాధనకు పదును అక్కర్లేదు, ఉండకూడదు కూడా. దావ్‌లో మొట్టమొదట నేర్పేది కత్తిని తలచుట్టూ, వీపువెనుకనుంచి తిప్పడం. అప్పుడు మొద్దువైపు మన ఒంటిని దాదాపు రాసుకుంటూ పోతుంది. తొలినాళ్ళలో కత్తి చేతిలో ఎటు తిరిగిందో మనకే తెలియదు. కొన్ని నెలలు కర్రకత్తితో చేయడం ఉత్తమం. మన కత్తిసామూ కర్రసామూ నేర్చినవారికి ఈ మాట కొత్తేమీ కాదు. చట్టం కూడా మరవకండి. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన నియమాల్లో, 9 అంగుళాలు మించిన అలుగున్న కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. వ్యవసాయపు పనిముట్లకు మినహాయింపుంది గాని, మన సరదాకు లేదు. స్థానికంగా నియమమేమిటో ముందే కనుక్కోండి. కొన్న తర్వాతయినా బస్సులో బయటికి కనబడేలా పట్టుకెళ్ళకండి.

చివరగా మా నాన్న పరీక్ష. పిడిని ఒక చేత్తో పట్టుకుని, ఆ చేతి మణికట్టును రెండో పిడికిలితో గట్టిగా కొట్టండి. లోపల కటకటమంటే ఆ కత్తి దింపేయండి. ఇది కొన్ననాడే కాదు, ప్రతి సాయంత్రమూ చేయాలి. ఇంట్లో కోతలకు వెళ్ళేముందు ప్రతి కొడవలినీ ఆయన అలాగే చూస్తాడు. పుట్టినప్పటినుంచి చూస్తున్న పనే అయినా, కొట్టు అద్దాల వెనుక మెరుపు చూసేసరికి నాకు గుర్తు రాలేదు.

ఇప్పుడు నేను కర్రకత్తితోనే చేస్తున్నాను. ఆ జూనియర్ కూడా మాతో చేరాడు. విరిగిన పిడిని మా సాధనగదిలో మేకుకు తగిలించి ఉంచాం. కత్తి కొనబోయేవారు వచ్చి, లోపలికి ఒకసారి తొంగిచూసి వెళ్ళవచ్చు.

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి