మరక పడితే రిసెప్టరేనా?

ఈమధ్య ఒక ప్రాజెక్టు రిపోర్టు దిద్దమని నా దగ్గరికి వచ్చింది. ఎలుక కాలేయం కోతల మీద జీఎల్‌పీ-1 హార్మోన్ రిసెప్టర్‌ను పట్టుకునే యాంటీబాడీ వేశారు. స్లైడంతా గోధుమరంగు. కింద, కాలేయ కణాల్లో ఈ రిసెప్టర్ పుష్కలంగా ఉందని ధీమాగా ఓ వాక్యం. ఎలా తేల్చావని అడిగితే, ‘‘బ్లాకింగ్ పెప్టైడ్ కలిపితే రంగు పోయింది సార్, స్పెసిఫిక్కే’’ అన్నాడు కుర్రాడు. వాణ్ణని ఏం లాభం? గైడు నమ్మిందీ అదే, కేటలాగులో అచ్చేసిందీ అదే.

ఈ రంగంలో ఇంతకంటే మొండి అపోహ లేదు. బ్లాకింగ్ పెప్టైడ్ అంటే యాంటీబాడీని తయారుచేయడానికి కుందేలుకు ఎక్కించిన ముక్కే. దాన్ని ముందే కలిపితే యాంటీబాడీ చేతులు నిండిపోతాయి, ఇక దేన్నీ పట్టుకోలేదు. రిసెప్టర్‌నీ పట్టుకోదు, అంతకుముందు పొరపాటున పట్టుకుంటున్న ఇంకో ప్రోటీన్‌నీ పట్టుకోదు. వీధి కుక్క మూతి కట్టేస్తే మొరగడం మానేస్తుంది. అంతమాత్రాన అది ఇన్నాళ్లూ దొంగను చూసే మొరిగిందని రుజువైనట్టా? పాలవాడిని చూసీ మొరిగి ఉండొచ్చుగా! రంగు పోవడం వల్ల తెలిసేది ఒక్కటే, ఆ రంగు ఆ యాంటీబాడీ చేతుల వల్ల వచ్చిందని. ఆ చేతులు పట్టుకున్నది ఎవరినో తెలియదు.

అసలు పరీక్ష దొంగ లేని వీధిలో జరగాలి. టొరంటోలోని డేనియల్ డ్రకర్ బృందం ఈ రిసెప్టర్ జన్యువును తీసేసిన నాకౌట్ ఎలుకలను 1996లోనే తయారుచేసింది. 2013లో అదే బృందం, మార్కెట్లో దొరికే కొన్ని యాంటీబాడీలను మామూలు ఎలుకల కణజాలం మీద, నాకౌట్ ఎలుకల కణజాలం మీద పక్కపక్కన పెట్టి చూసింది. ప్రోటీన్లను జెల్ మీద సైజువారీగా విడదీసి చూసే వెస్టర్న్ బ్లాట్‌లో, రిసెప్టరే లేని ఎలుకల్లోనూ అలాంటి బ్యాండ్లే వచ్చాయి. మరి అంతకుముందు అవే సీసాలతో అచ్చయిన బొమ్మలన్నీ దేన్ని చూపించినట్టు?

‘బ్యాండు సరైన సైజులో వచ్చింది’ అనే వాదన కూడా ఇక్కడే కూలిపోతుంది. మనిషి జీఎల్‌పీ-1 రిసెప్టర్‌లో 463 అమైనో ఆమ్లాలు. లెక్క ప్రకారం బరువు 53 కిలోడాల్టన్ల దగ్గర, చక్కెర గొలుసులు అతుక్కుంటే 60 దాటుతుంది. ఆ సైజు ప్రోటీన్లకు ఏ కణంలోనూ కొదవలేదు. పైగా ఇది పొరను ఏడుసార్లు గుచ్చుకుని ఉండే ప్రోటీన్, ఉండేదే కొంచెం. శాంపిల్‌ను బాగా మరిగిస్తే ముద్దకట్టి జెల్ పైభాగానే ఆగిపోతుంది కూడా.

ఈ తప్పు ల్యాబులోనే ఆగితే నాకింత కోపం ఉండేది కాదు. 2013 ప్రాంతంలో, ఈ రిసెప్టర్ మీద పనిచేసే మధుమేహ మందులు క్లోమంలో కణాలను పెంచి క్యాన్సర్ తెస్తాయేమోనని పెద్ద దుమారం లేచింది. క్లోమ నాళాల కణాల్లో రిసెప్టర్ ఉందా అన్నది ఆ వాదనలో కీలకం. కొందరి స్లైడ్లలో ఉంది, కొందరి స్లైడ్లలో లేదు! 2014లో అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు కలిసి, ఆ సమాచారం కారణ సంబంధాన్ని బలపరచడం లేదని ప్రకటించాయి, తలుపు మాత్రం పూర్తిగా మూయలేదు. అదే ఏడాది 3ఎఫ్52 అనే మోనోక్లోనల్ యాంటీబాడీతో కోతులు, మనుషుల కణజాలాన్ని పరిశీలించారు. బీటా కణాల్లో గట్టిగా, ఎసినార్ కణాల్లో పలచగా రంగు వచ్చింది. నాళాల్లో లేదు, కాలేయంలో లేదు, థైరాయిడ్‌లోనూ లేదు. పని చేసింది ఆ మందులు అమ్మే నోవో నార్డిస్క్ శాస్త్రవేత్తలే కదా అంటారా? అనుమానించండి, తప్పులేదు. కానీ ఆ క్లోన్ అయోవా విశ్వవిద్యాలయంలోని హైబ్రిడోమా బ్యాంకులో దొరుకుతుంది, ఎవరైనా తెప్పించుకుని పరీక్షించుకోవచ్చు.

‘మోనోక్లోనల్ అయితే నమ్మొచ్చు’ అనే మాటను మాత్రం, మనసొప్పకపోయినా, సగం ఒప్పుకోవాలి. మోనోక్లోనల్ కూడా దారి తప్పుతుంది. కాకపోతే ఈసారి తప్పితే వచ్చేసారీ ఒకేలా తప్పుతుంది, కాబట్టి పట్టుకోవడం తేలిక. పాలీక్లోనల్ అలా కాదు. కేటలాగ్ నంబరు అదే ఉంటుంది, కుందేలు మారిపోతుంది.

ఖరీదైనదే మంచిది అనే నమ్మకానికి జవాబు చెప్పను. పది పేపర్లు వాడాయంటే, పదిమందీ ఒకే కేటలాగ్ చదివారని అర్థం. ఎంఆర్ఎన్ఏ కనబడితే ప్రోటీన్ ఉన్నట్టే అనేది ఇంకో తొందరపాటు.

యాంటీబాడీ కొనేముందు నాకౌట్ డేటా చూపించమని అడగండి. ‘వాలిడేటెడ్’ ముద్ర కాదు, బొమ్మ చూపించమనండి. నాకౌట్ కణజాలం దొరక్కపోతే, రిసెప్టర్ జన్యువు ఎక్కించిన కణాలు, ఎక్కించని కణాలు ఒకే స్లైడు మీద పెట్టండి. మనిషి కణజాలమైతే ఇన్ సిటు హైబ్రిడైజేషన్‌తోనో, గుర్తు తగిలించిన హార్మోన్‌తోనో పోల్చి చూడండి. కాలేయం, మూత్రపిండాలతో ఇంకా జాగ్రత్త. వాటిలో సొంత పెరాక్సిడేజ్, బయోటిన్ ఉంటాయి, యాంటీబాడీ వేయకపోయినా రంగు ఇస్తాయి. పేపర్లో కంపెనీ పేరుతో సరిపెట్టకుండా క్లోన్, లాట్ నంబర్లు రాయండి.

కుర్రాడికి నాకౌట్ ఎలుక కాలేయం కోతలు ఇంకో ల్యాబు నుంచి తెప్పించుకోమని చెప్పాను. గోధుమరంగు తెప్పించే డీఏబీ ఎంతసేపు ఉంచాలి సార్ అన్నాడు. ఎంతసేపైనా ఉంచు, రెండు స్లైడ్లకీ ఒకే గడియారం పెట్టుకో అన్నాను.